ఆర్మీ డాక్టర్‌కే డిప్రెషన్ వస్తే ఏమవుతుంది? ‘ఎస్-1’ భయం వెనుక అసలు విషయం ఇదీ..

నీట్ ఫలితాలు రాగానే మంచి స్కోరు వచ్చిన పిల్లలున్న ఇళ్లలో తరచూ ఓ పేరు వినిపిస్తుంది. అదే ఏఎఫ్‌ఎంసీ.. పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ. ప్రైవేటు కాలేజీల్లోలా ఫీజుల మోత ఉండదు. చదువు పూర్తయ్యేసరికి ఆఫీసర్ ఉద్యోగం చేతిలో ఉంటుంది. ఒంటి మీద యూనిఫాం సరేసరి. 1948లో మొదలైన ఈ కాలేజీలో ఎంబీబీఎస్‌కు మన దేశం నుంచి తీసుకునేది 145 మందినే. అందులో అమ్మాయిలకు 30 సీట్లు. ఇక్కడ నీట్ స్కోరు ఒక్కటే చాలదు. ఇంగ్లిష్, లాజిక్ పరీక్ష ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది, మెడికల్ టెస్టులు ఉంటాయి. మానసిక స్థితిని అంచనా వేసే పరీక్ష కూడా ఉంటుంది.

మరి ఇంత వడపోత దాటినవాళ్లకు డిప్రెషన్, యాంగ్జయిటీ లాంటివి రావా? వస్తాయి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఒక రోజు రాసిన పరీక్ష, ఐదున్నరేళ్ల తర్వాత ఆ మనిషి ఎలా ఉంటాడో చెప్పలేదు. పెళ్లిచూపులకు వేసుకున్న చొక్కా చూసి కాపురం ఎలా ఉంటుందో చెప్పినట్టే ఉంటుంది అది!

మామూలు కాలేజీల్లోనే ఇలా ఉంటే..

ముందు యూనిఫాం సంగతి పక్కన పెడదాం. నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థులు 25 వేల మందికి పైనే. వాళ్లలో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని స్వయంగా చెప్పారు. అంటే నలుగురిలో ఒకరి కంటే ఎక్కువే. పీజీ రెసిడెంట్లతో వారానికి 74 గంటలకు మించి పని చేయించొద్దని, వారానికో రోజు సెలవు ఇవ్వాలని అదే టాస్క్‌ఫోర్స్ సూచించింది. 74 గంటలే ‘తగ్గించిన’ లెక్క అంటే, అసలు పని ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు.

సైనిక వైద్య శిక్షణలో దీనికి ఇంకో పొర తోడవుతుంది. అనాటమీ, ఫార్మకాలజీ పుస్తకాలు అందరికీ ఒకటే. కానీ ఇక్కడ విద్యార్థిని మెడికల్ కేడెట్ అంటారు. హాస్టల్‌లోనే ఉండాలి. డ్రిల్, పీటీ, టర్నవుట్.. అన్నింటికీ టైమ్ ఉంటుంది. సీనియర్, జూనియర్ తేడా బయటి కాలేజీల కంటే చాలా గట్టిగా ఉంటుంది. రాత్రంతా నిద్ర పట్టకపోయినా ఉదయం వరుసలో నిలబడాల్సిందే.

ఇంకోవైపు బాండ్. కోర్సు పూర్తయ్యాక సాయుధ దళాల్లో పనిచేస్తామని ముందే రాసిస్తారు. మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము చిన్నది కాదు, లక్షల్లోనే. మధ్యతరగతి కుటుంబానికి అది ఇల్లు అమ్ముకునే మాట. దాంతో ‘నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు’ అని ఇంటికి ఫోన్ చేసి చెప్పాలన్నా పిల్లాడికి నోరు రాదు.

అసలు ‘ఎస్-1’ అంటే ఏంటి?

కథలో అసలు ముడి ఇక్కడే ఉంది. మన సైన్యంలో ప్రతి ఒక్కరికీ ఓ మెడికల్ కేటగిరీ ఉంటుంది. దాని పేరు ‘షేప్’. ఇంగ్లిష్‌లో ఐదు అక్షరాలు. ఎస్ అంటే మానసిక స్థితి, హెచ్ వినికిడి, ఏ కాళ్లూచేతులు, పి శారీరక సామర్థ్యం, ఈ కంటిచూపు. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు గ్రేడ్ ఇస్తారు. అన్నీ 1 అయితే ‘షేప్-1’. అంటే ఎక్కడికైనా పంపొచ్చు, ఏ డ్యూటీ అయినా వేయొచ్చు. 5 వస్తే సర్వీసుకు పనికిరారని అర్థం.

ఐదింటిలో మొదటి అక్షరమే మనసుది కావడం గమనించాల్సిన విషయం. కాలు విరిగి ‘ఏ’ గ్రేడ్ తగ్గితే పరామర్శలు వస్తాయి. ‘ఎస్’ తగ్గితే గుసగుసలు మొదలవుతాయి. పోస్టింగ్, ప్రమోషన్, కోర్సుకు ఎంపిక.. కేటగిరీ వీటన్నింటితోనూ ముడిపడి ఉంటుంది. అందుకే సైకియాట్రీ ఓపీడీ గుమ్మం ఎక్కడానికి జంకుతారు.

సిపాయికి ఈ గ్రేడ్ల లెక్క పూర్తిగా తెలియకపోవచ్చు. డాక్టర్‌కు మాత్రం అణువణువూ తెలుసు. ఎందుకంటే రేపు ఆ బోర్డు పేపర్ల మీద సంతకం పెట్టాల్సింది తనే. మానసిక సమస్య అనుమానంతో ఎవరినైనా పంపితే, యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ నుంచి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అనే ఫారం తెప్పిస్తారు. మనిషి ప్రవర్తన ఎలా ఉంది, పని ఎలా చేస్తున్నాడు లాంటి వివరాలు అందులో ఉంటాయి. అంటే విషయం డాక్టర్‌కూ పేషెంట్‌కూ మధ్యే ఆగదు, పై అధికారి టేబుల్ దాకా వెళ్తుంది. ఇది తెలిసిన యువ డాక్టర్ తన గురించి తాను నోరు విప్పుతాడా?

పాఠం చెప్పే సారే ట్రీట్‌మెంట్ ఇస్తే..

మరో చిక్కు కూడా ఉంది. బయట చదివే విద్యార్థి, తన కాలేజీ ఆసుపత్రి వద్దనుకుంటే నాలుగు వీధులవతల ఇంకో సైకియాట్రిస్టును చూసుకోవచ్చు. మిలిటరీ ఆసుపత్రిలో శిక్షణ పొందే వ్యక్తికి ఆ వీలు తక్కువ. వైద్యం చేసేదీ, పాఠం చెప్పేదీ, వైవాలో ఎదురుగా కూర్చునేదీ ఒకే డిపార్ట్‌మెంట్ కావచ్చు. మందులిచ్చే ఫార్మసీ దగ్గర క్యూలో బ్యాచ్‌మేట్లే ఉంటారు. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతోంది. కానీ ఉద్యోగం ఇచ్చేదీ, వైద్యం చేసేదీ, ఫిట్‌నెస్ తేల్చేదీ ఒకే వ్యవస్థ అయినప్పుడు ఆ గోప్యత మీద నమ్మకం కుదరడం కష్టం. సైన్యం వైపు వాదన కూడా కొట్టిపారేయలేం. ఆయుధాలు ఉండే చోట, సియాచిన్ లాంటి మంచు కొండల మీద డ్యూటీ వేసేముందు మనిషి పరిస్థితి తెలియాలి కదా!

అయితే పుకార్లు చెప్పినంత భయంకరంగా వ్యవహారం ఉండదు. ‘సైకియాట్రీకి వెళ్తే ఇంటికి పంపేస్తారు’ అనే మాట హాస్టళ్లలో బాగా తిరుగుతుంది. నిజానికి గ్రేడ్ తగ్గించినా చాలాసార్లు అది తాత్కాలికమే. పేపర్ల మీద ‘టీ-24’ అని రాస్తారు. అంటే 24 వారాల తర్వాత మళ్లీ చూస్తారు. కోలుకుంటే గ్రేడ్ పెంచుతారు. అందరూ పూర్వస్థితికి వస్తారన్న గ్యారంటీ లేదు. ముదిరిన జబ్బు వేరు, మొదట్లోనే పట్టుకున్న జబ్బు వేరు. తొలి దశ డిప్రెషన్‌కు కౌన్సెలింగ్, అవసరమైతే మందులు బాగానే పనిచేస్తాయి. ఏడాది పాటు దాచి, వార్డులో కుప్పకూలాక బయటపడితే కేటగిరీ మీద దెబ్బ కూడా అంత పెద్దగానే పడుతుంది. భయపడి దాచింది దేనికోసమో, చివరికి దానికే ఎసరు వస్తుందన్నమాట.

సొంత వైద్యం.. అసలుకే మోసం

డాక్టర్లకు ఉన్న ఇంకో ప్రమాదం సొంత వైద్యం. ఏ మాత్ర దేనికో తెలుసు, చీటీ రాయడమూ తెలుసు. నిద్రమాత్రతో మొదలుపెట్టి, తర్వాత ఎవరికీ చెప్పకుండా యాంటీడిప్రెసెంట్ వేసుకుంటారు. ఈ మందులు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారంలో తేడా కనపడలేదని ఆపేయడం, డోసు పెంచడం రెండూ తప్పే. కొన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి మళ్లీ తన్నుకొస్తాయి. పైగా డిప్రెషన్ ముందు దెబ్బకొట్టేది నిర్ణయశక్తినే. అలాంటి సమయంలో తనకు తానే డాక్టర్ అయితే, పేషెంట్ మాట వినేవాళ్లే ఉండరు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజూ మాట్లాడే పిల్లలు ‘బిజీ’ అని ఫోన్ పెట్టేయడం మామూలే. దాన్ని పట్టుకుని కంగారు పడక్కర్లేదు. కానీ రెండు వారాలకు పైగా నిద్ర, తిండి దారి తప్పినా, ఇష్టమైన క్రికెట్ ఊసు కూడా ఎత్తకపోయినా, ‘నేను మీకు భారం’ లాంటి మాట దొర్లినా తేలిగ్గా తీసుకోవద్దు. అప్పుడు ‘బాండ్ సంగతి ఏంటి?’ అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. బాండ్ కాగితాల్లో అనారోగ్య కారణాలకు సంబంధించి ఏముందో చేరేముందే పెద్దవాళ్లు చదివిపెట్టుకుంటే, ఆ లెక్కల బరువు పిల్లల నెత్తిన పడదు. ఎంబీబీఎస్ బయట చదివి షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరి, లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ సెంటర్‌కు బేసిక్ కోర్సు కోసం వెళ్లే యువ డాక్టర్ల ఇళ్లకూ ఇది వర్తిస్తుంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

కేంద్రం 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. నంబర్ 14416. ఫోన్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. సైనిక దళాల వాళ్లకు, వాళ్ల కుటుంబాలకు బయటి కౌన్సిలర్‌తో తమ బాధ చెప్పుకోవడం ఇబ్బందని, 2023 డిసెంబర్ 1న విడిగా ఓ టెలీ మానస్ సెల్ కూడా తెరిచారు. అది పెట్టింది ఎక్కడో కాదు, పుణెలోని ఏఎఫ్‌ఎంసీలోనే. ఆ క్యాంపస్ లోపలి వాళ్లకు కాల్ చేయాలంటే మొహమాటం అనిపిస్తే, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు చేసినా 14416లో మాట్లాడతారు.