రేణిగుంటలో దిగాక

హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు పడుతుందని అడిగితే, గంటా పది నిమిషాలని ఠక్కున చెప్పేస్తారు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకు గీత గీసి కొలిస్తే సుమారు 420 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే 550 దాటుతుంది. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ రకం ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది కాబట్టి, 50 నిమిషాల్లో వచ్చేయాలి. కానీ రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకి లేవడం, దిగే ముందు వేగం తగ్గించుకోవడం, నిర్ణయించిన వాయుమార్గాల్లో కాస్త చుట్టు తిరగడం దూరంతో నిమిత్తం లేకుండా ఏ విమానానికైనా తప్పవు. జెట్ విమానం వేస్తే పోలేదా అనొచ్చు. గంటకు 800 కిలోమీటర్లు అందుకుని కాసేపు నిలకడగా ఎగిరేలోపే దిగాల్సిన వేళ అవుతుంది. మహా అయితే పదీ పదిహేను నిమిషాలు మిగులుతాయి.

అసలు సమయమంతా పోయేది నేల మీదే. హైదరాబాద్ నగరం నుంచి శంషాబాద్‌కు ఓ గంట, అక్కడ తనిఖీలకూ ఎదురుచూపులకూ గంటన్నర, దిగాక సామాను కోసం, రేణిగుంట నుంచి తిరుపతికి మరో గంట. అంటే ఇంటి గడప నుంచి తిరుపతి చేరడానికి దాదాపు నాలుగున్నర గంటలు. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ రైల్లోనే ఎనిమిది గంటల పైన పడుతుంది. కనుక ఇక్కడ విమానానిదే పైచేయి, అందులో సందేహం లేదు. అదే బెంగళూరు లెక్క చూడండి. గీత దూరం 200 కిలోమీటర్లే. గాల్లో ఉండే సమయం ఇంకా తక్కువ. కానీ నగరం నుంచి విమానాశ్రయమున్న దేవనహళ్లి దాకా పోవడం, తనిఖీలు, రేణిగుంట నుంచి మళ్లీ కారు, ఇవేవీ తగ్గవు. అన్నీ కలిపితే రోడ్డు మీద పట్టే ఐదు గంటలకు అటూ ఇటూగా తేలుతుంది. చెన్నైకైతే విమానం ఆలోచనే అనవసరం.

రైలు ఎన్ని గంటలు తీసుకున్నా రాత్రి నిద్రలో గడిచిపోతుంది, ఆ గంటలు పోయినట్టు కాదు కదా అనేవారున్నారు. ఆ మాటలో బలముంది, చిత్తూరు వాళ్ల విషయంలో మరీనూ. హైదరాబాద్ కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తిరుపతి మీదుగా నేరుగా చిత్తూరులోనే దిగొచ్చు. విమానంలో వస్తే రేణిగుంట నుంచి 80 కిలోమీటర్ల దాకా రోడ్డు ప్రయాణం మిగిలే ఉంటుంది. తిరుమల వెళ్లే భక్తుడిదీ ఇదే లెక్క. తిరుపతి నుంచి ఎక్కే ఘాట్ రోడ్డు 18 కిలోమీటర్లు, దిగేది 19. వాహనం ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తీసుకోవాలని టీటీడీ నిబంధన పెట్టింది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ తేడా. ఇక్కడ ఆలస్యమే ప్రాణరక్షణ, దాన్ని తగ్గించాలని ఎవరూ అడగకూడదు.

కుప్పంలోనూ విమానాశ్రయం రావాలన్న మాట చాలాకాలంగా ఉంది. విజయవాడ లాంటి దూరపు ఊళ్లకు పోయేవారికి అది మేలే చేస్తుంది. కానీ చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వాళ్లకు ముందు కావాల్సింది, విమానం దిగే వేళకు రేణిగుంటలో తమ ఊరి బోర్డు పెట్టుకుని నిలిచిన ఆర్టీసీ బస్సు. దానికి కొత్త రన్‌వే అక్కర్లేదు, టైంటేబుల్ సవరిస్తే చాలు.