సంతలో త్రాసు, సరిహద్దులో సుంకం

అరకు, పాడేరు కొండల్లో వారపు సంతకు మిరియాల మూట మోసుకొచ్చిన గిరిజన రైతుకు కనబడేది ఒక్క త్రాసే. ఆయన కష్టానికి వెలకట్టే మరో త్రాసు కూడా ఉంది. అదే దేశాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందం. దాని సంగతి మన సంఘాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. కానీ తెలుసుకోవలసిన విషయమే.

ఒకప్పుడు ఈ కొండలకు పోడు వ్యవసాయమే ఆధారం. సామలు, చోళ్లు, కందులు పండించి చాలామటుకు ఇంట్లోనే తినేవారు. తరువాత ఐటీడీఏ, కాఫీ బోర్డు ప్రోత్సాహంతో సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఆ చెట్లకే అల్లుకునే మిరియాల తీగ వచ్చాయి. చేతికి డబ్బు వచ్చింది, కొండకు పచ్చదనం మిగిలింది. దానితోపాటు కుటుంబం బతుకు బయటి ధరకు ముడిపడింది. చోళ్ల ధర పడిపోతే ఇంట్లో వండుకోవచ్చు. కాఫీ గింజ ధర పడిపోతే దాన్ని తిని బతకలేం.

2009 ఆగస్టులో మన దేశం ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో సరుకుల ఒప్పందం చేసుకుంది. 2010 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 2019 చివరికల్లా మిరియాలపై దిగుమతి సుంకం 70 శాతం నుండి 50కి, కాఫీపై 100 నుండి 45కి మెల్లమెల్లగా దిగాలి. అంతకుముందే, 2000 నుండి, శ్రీలంకతో మరో ఒప్పందం నడుస్తోంది. ప్రపంచంలో అత్యధికంగా మిరియాలు పండించే వియత్నాం సరుకు శ్రీలంక పేరుతో చవకగా వస్తోందని మన రైతులు మొరపెట్టుకున్నారు. చివరికి 2017 డిసెంబరులో కేంద్రం, కిలో 500 రూపాయల కంటే తక్కువ ధరకు మిరియాలు దిగుమతి చేయకూడదని కట్టడి పెట్టింది.

అలాగని వియత్నాం రైతు మనకు శత్రువు కాడు. అతనిదీ చిన్న కమతమే. ఒప్పందాలు తలుపులు మూయడమే కాదు, తెరుస్తాయి కూడా. మన దేశపు కాఫీలో ఎక్కువ భాగం ఇటలీ, జర్మనీ వంటి దేశాలకు వెళ్తుంది. వియత్నాం ప్రధానంగా రొబస్టా పండిస్తే అరకుది అరబికా. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అయితే పేరు వచ్చినంత మాత్రాన రైతు ఇంటికి డబ్బు రాదు. పండును పండుగానే దళారికి ఇచ్చేస్తే విలువ అంతా కొండ దిగిపోతుంది. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మితే కొంతైనా ఊరిలో మిగులుతుంది. వానాకాలంలో తీసుకున్న అప్పుకు పంటను ముందే రాసిచ్చిన ఇంటికి ఆ అవకాశమూ ఉండదు.

సుంకాలను మనం మార్చలేకపోవచ్చు. చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ, ఈ ఏడు ఏ ధర ఇస్తోందో కోతలకు ముందే తెలుసుకొని పదిమందికీ చెప్పవచ్చు. పదిళ్లవారు కలిసి పల్పింగ్ యంత్రం పెట్టుకోవచ్చు. వానాకాలపు అవసరానికి సంఘంలోనే చిన్న పొదుపు నడుపుకోవచ్చు. కాఫీ ఎంత పెరిగినా చోళ్ల చేను కొంత వదలకుండా ఉంచుకోవాలి. ధర పడిన ఏడాది పిల్లల కడుపు నింపేది ఆ చేనే.