గుమ్మిలోని గింజ, గృహిణి లెక్క

ఆదిలాబాదు జిల్లా పల్లెలలో అంగడి వారమునకొకసారి సాగును. ఆనాటి ఉదయము సంచి చేతబట్టి బయలుదేరుటకు ముందు నేర్పరియైన ఇల్లాలు చేయు పని యొకటి కలదు. ఆమె గుమ్మిలోనికి తొంగిచూచును. కందిపప్పు డబ్బాను చేత నెత్తి బరువు చూచును. చింతపండు కుండ మూత తీయును. ఎండుమిరపకాయలు మెత్తబడినవేమో నొక్కి చూచును. ఇంట నున్నదేదో తెలిసిన పిమ్మటనే కొనవలసినదేదో తెలియును. ఈ వరుస తలక్రిందులైనచో ఉన్న పప్పు పురుగుల పాలగును. లేని ఉప్పు మరపున పడును.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని ఈ జిల్లాలో దీని వెనుక ఒక పెద్ద మార్పు దాగియున్నది.

1940వ దశకమున మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామమున నివసించి గోండుల జీవనమును పరిశీలించెను. ఆయన గ్రంథము 1948లో వెలువడినది. ఆ కాలపు గోండు కుటుంబమునకు జొన్నయే ప్రధానాహారము. చేనిలో పండిన జొన్న ఇల్లు చేరి గటకగా, అంబలిగా, రొట్టెగా మారెడిది. వేసవిలో ఇప్పచెట్లు రాల్చిన పూలు ఎండి, కరవు నెలలకు దాపుడు తిండియయ్యెడివి. ఆ ఇంటికి ధరలతో పని తక్కువ; గింజల లెక్కయే ముఖ్యము.

తరువాతి దశాబ్దములలో నల్లరేగడి చేలను పత్తి ఆక్రమించినది. పత్తి రూపాయలు తెచ్చును. కాని దానిని వండుకొని తినుట సాధ్యము కాదు. పత్తి అమ్ముడుపోవు చలికాలమున చేతిలో డబ్బుండును. కలుపుతీత ముమ్మరముగా సాగు వానకాలమున గుమ్మియు, డబ్బు సంచియు ఒక్కసారే అడుగంటును. అప్పుడు అరువు మీద, కొద్దికొద్దిగా కొన్న సరకే అన్నింటికంటె ప్రియమైన సరకు. అందువలన నాటి అమ్మమ్మకు గింజల లెక్క చాలెను. నేటి మనుమరాలికి గింజల లెక్కయు, రూపాయల లెక్కయు రెండును కావలెను.

మొదటిది బియ్యపు లెక్క. 2025 ఉగాది, అనగా మార్చి 30 నుండి, రాష్ట్ర ప్రభుత్వము ఆహారభద్రతా కార్డులపై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చు పథకము నారంభించెను. ఐదుగురున్న ఇంటికి 30 కిలోలు. రోజునకు ఒక కిలో. తలకు 200 గ్రాములు. రెండు పూటలును అన్నమే తిని, రోజునకు కిలోన్నర వండినచో 20 దినములకే సంచి ఖాళీయగును. ఒక పూట జొన్నరొట్టె పెట్టినచో అదే బియ్యము నెలాఖరు వరకు నిలుచును. రొట్టె తినుట పేదరికమునకు గుర్తు కాదు. 100 గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములుండగా, మరపట్టిన బియ్యములో 7, 8 గ్రాములే యుండును. ఇనుము, పీచు కూడ జొన్నలోనే అధికము.

రెండవది పప్పు లెక్క. చేయి బిగిసినప్పుడు ఇంటిలో మొట్టమొదట తగ్గునది పప్పే. ఏలయన, కిలో ధర వినగానే గుండె ఝల్లుమనును. కాని కిలో ధర యొక్కటే చూచి సరకును చవకయనియు, ప్రియమనియు తీర్మానించుట పొరపాటు. లెక్క కొరకు కందిపప్పు కిలో 120 రూపాయలనియు, ఆలుగడ్డ కిలో 30 రూపాయలనియు అనుకొనవచ్చును. కిలో పప్పులో మాంసకృత్తులు సుమారు 220 గ్రాములు. కిలో ఆలుగడ్డలో 16 గ్రాములు. పప్పు ద్వారా 10 గ్రాముల మాంసకృత్తులకు పడు వెల ఐదున్నర రూపాయలు. ఆలుగడ్డ ద్వారా పందొమ్మిది రూపాయలకు చేరువ. ఆలుగడ్డ ఆకలి తీర్చును గాని పప్పు స్థానమును తీసికొనలేదు. ధాన్యములలో తక్కువైన లైసిన్ అను పదార్థము పప్పులలో సమృద్ధిగా నుండును. కనుకనే జొన్నరొట్టెకు పప్పు తోడైనప్పుడు రెండింటి బలమును పెరుగును.

మూడవది కూరల వరుస. అంగడి నాడును, మరునాడును పుంటికూర, తోటకూర, గంగవాయిలికూర వంటి ఆకులు పప్పులో వేయవలెను. అవి నిలువ యుండవు. తరువాతి రెండు దినములు బెండ, వంకాయలు; ఆ పిమ్మట గుమ్మడికాయ, ఉల్లిగడ్డ, ఎండబెట్టిన ఒరుగులు. వారపు చివరి దినమున పచ్చిపులుసు వచ్చును. చింతపండు, ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ ఉన్నచో చాలును. దానిలో వేయించిన నువ్వుల పొడి కలుపు తెలంగాణపు అలవాటు రుచికే గాక బలమునకు కూడ మంచిది. మిగిలిన అన్నము పోపన్నమగును. మిగిలిన రొట్టె బెల్లముతో మలీదయగును. పాత పప్పు మీద కొత్త పప్పు పోయరాదు. పాతది ముందు వండవలెను.

ఇంతవరకు వారపు లెక్క. ఏడాది లెక్క చేనిలోనే మొదలగును. ఐదుగురున్న ఇంటికి దినమునకు 200 గ్రాముల పప్పు చొప్పున సంవత్సరమునకు 73 కిలోలు. పొట్టు, నూక పోగా ఇంత పప్పు రావలెనన్న సుమారు ఒక క్వింటాలు కందులు కావలెను. పత్తి సాళ్ల నడుమ కంది వేయు వాడుక ఈ జిల్లాలో నున్నది. కోతలనాడు ఆ కందులన్నియు చవకగా అమ్మి, వానకాలమున అదే పప్పును పావుకిలో చొప్పున ప్రియముగా కొనుట కంటె నష్టపు బేరము లేదు. ఆ ఒక్క క్వింటాలు ఇంట నిలుచునో, బండి యెక్కునో, దానినిబట్టి శ్రావణ మాసమున పిల్లల కంచములలో పప్పు పడుటయు, పడకపోవుటయు నిర్ణయమగును.

ఈ లెక్కలు పెద్ద చదువు కోరవు. గుణకారము, భాగహారము వచ్చిన అయిదవ తరగతి బాలిక చేయగలదు. బడిలో ఉపాధ్యాయుడు ఒక శనివారము పిల్లలచేత తమ ఇంటి డబ్బాలలోని సరకును తూచి వ్రాయించి, అవి ఎన్ని దినములు వచ్చునో కట్టించినచో, గణితము వంటింటికి నడచును. ఆ కాగితము చేతబట్టి తల్లితో అంగడికి వెళ్లిన బాలిక, ఏమి కొనవలెనో గాక, ఏమి కొననక్కరలేదో ముందుగా చెప్పగలదు.