ఖాకీ గుండెల్లో గుబులు

2020 మార్చి 25. దేశమంతా తలుపులు బిగించుకుంది. మనం దూరదర్శన్‌లో రామాయణం చూస్తూ కూర్చుంటే, కానిస్టేబుల్ మాత్రం నడిరోడ్డు మీద ఎండలో నిలబడ్డాడు. 'బయటికెందుకొచ్చావ్?' అని అడగడమే ఆయన డ్యూటీ. ఆ ఎదుటి మనిషి తుమ్మితే? అడిగేవాడికీ ఓ ప్రాణం ఉంటుంది కదా!

అంతకంటే పెద్ద గుబులు ఇంటికెళ్లేటప్పుడు. గుమ్మం బయటే స్నానం, యూనిఫాం వేడినీళ్ల బకెట్లోకి, పడక విడిగా... చంటిపిల్ల పరుగెత్తుకొస్తే 'దగ్గరికి రాకు' అని కసరాల్సి వచ్చిన తండ్రులెందరో.

ఏప్రిల్ 12న పంజాబ్‌లోని పటియాలా కూరగాయల మార్కెట్ దగ్గర పాస్ చూపించమన్నందుకు ఏఎస్ఐ హర్‌జీత్ సింగ్ చెయ్యి నరికేశారు. చండీగఢ్ పీజీఐ డాక్టర్లు గంటల తరబడి శ్రమించి దాన్ని అతికించారు. దేశం జేజేలు పలికింది. సరే... మర్నాడు మరో ఊళ్లో బండి ఆపడానికి చెయ్యెత్తిన కానిస్టేబుల్ మనసులో ఏం మెదిలి ఉంటుంది? ఆ నెలాఖరుకి ముంబైలో వరుసగా పోలీసులు చనిపోవడంతో 55 ఏళ్లు దాటినవాళ్లని ఇంట్లోనే ఉండమన్నారు. మంచి పనే. కానీ వాళ్ల డ్యూటీ మిగిలినవాళ్ల నెత్తిన పడింది.

కరోనాకి ముందు మాత్రం సుఖంగా ఉన్నారా? కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో విడుదల చేసిన నివేదిక ప్రకారం మన పోలీసులు రోజుకి సగటున 14 గంటలు పనిచేస్తున్నారు. సగం మందికి వారానికో సెలవు కూడా లేదు. పనిభారం ఆరోగ్యాన్నీ, మనసునీ దెబ్బతీస్తోందని నలుగురిలో ముగ్గురు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ మొదలైంది. ఏడాది తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చిపడింది. ఇక సెలవు మాటెక్కడ!

'వాళ్ల లాఠీ దెబ్బలు తిన్నది మేమేగా' అంటారా? నిజమే. ఆ జూన్‌లోనే తమిళనాడు సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళలు దాటి దుకాణం తెరిచారంటూ పట్టుకెళ్లిన తండ్రీకొడుకులు కస్టడీలో చిత్రహింసలకు చనిపోయారు. అలాంటి దారుణానికి అలసట సాకు కానే కాదు. అయితే వారాల తరబడి నిద్రలేని మనిషిని రద్దీ కూడలిలో నిలబెట్టి ఓర్పుగా ఉండమనడం కూడా అన్యాయమే.

కష్టం చెప్పుకుందామంటే ఎవరికి? 'పోలీసువై ఉండి భయమేంటయ్యా?' అని తోటివాళ్లే నవ్వుతారేమోనని జంకు. డిపార్ట్‌మెంట్ ఏర్పాటుచేసిన కౌన్సెలర్ దగ్గర నోరు విప్పితే పైఅధికారి చెవిన పడుతుందేమో, రేపు ప్రమోషన్‌కి అడ్డొస్తుందేమో అన్న అనుమానం ఇంకొకటి. ఆ అనుమానం పోనంతవరకు ఎన్ని యోగా శిబిరాలు పెట్టినా ఫొటోలకే పనికొస్తాయి.

అందుకే ముందు గమనించాల్సింది ఇంట్లోవాళ్లే. నిద్ర పట్టకపోవడం, చీటికీమాటికీ కోపం, పెరిగిన తాగుడు, ఉన్నట్టుండి మౌనం... ఇవి వారాల తరబడి కనిపిస్తే 'ఉద్యోగంలో మామూలే' అని వదిలేయొద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.