బెర్గమాట్ పరిమళముగల పచ్చ తేయాకు

నిరుడు మా మరిది విదేశమునుండి వచ్చుచు మాకొక చిన్న తగరపు డబ్బా కానుకగా తెచ్చెను. మూత తీయగనే నారింజ తొక్కను గోటితో గిల్లినప్పటివంటి కమ్మని తావి గదియంతయు నిండెను. అది బెర్గమాట్ అను ఫలము తైలము పట్టించిన చైనాదేశపు పచ్చ తేయాకు. మేము దానిని అలవాటు చొప్పున పాలు, పంచదార చేర్చి తెర్లగాచి అందరకు పోసితిమి. ఒక గ్రుక్క త్రాగి మావారు "ఇదేమి కషాయము?" అనిరి. తావి యంతయు పోయి చేదు మాత్రము మిగిలినది. తప్పు ఆకుది కాదు, మాది.

మనము నిత్యము వాడు నల్ల తేయాకును, ఈ పచ్చ తేయాకును ఒకే జాతి మొక్కనుండి వచ్చునవే. కోసిన యాకును వాడనిచ్చి, నలిపి, గాలి సోకనిచ్చినచో నల్లబడును. చైనావారు ఆ మార్పునకు తావీయక, వేడి మూకుడులో వేచి పచ్చదనమును నిలుపుదురు. హాంగ్జౌ పట్టణ ప్రాంతపు లాంగ్జింగ్ తేయాకు ఇట్టిదే. అచ్చటివారు దానిని రొయ్యలతో గూడ వండుదురు.

ఇక బెర్గమాట్ నిమ్మజాతిది. ఇటలీదేశపు దక్షిణపు కొనయందలి కలాబ్రియా సీమలో విరివిగా పండును. పండు పులుపు, చేదు గలది గావున తినుటకంటె తొక్కనుండి తీయు తైలమునకే ప్రసిద్ధి. ఈ తైలము పట్టించిన తేయాకునకు లోకమున ఎర్ల్ గ్రే యని పేరు. ఆయన 1830 మొదలు 1834 వరకు ఇంగ్లండునకు ప్రధానమంత్రి. ఈస్టిండియా కంపెనీకి చైనా వర్తకమునందుండిన గుత్తాధికారమును తొలగించిన 1833వ సంవత్సరపు చట్టము ఆయన కాలమునాటిదే.

ఇట్టి తేయాకును కాచరాదు, నాననీయవలెను. మరుగు నీరు ఆకులోని చేదును, ఒగరును అధికముగా లాగును. తైలము ఆవిరితో ఎగిరిపోవును. నీళ్లు తెర్లిన పిదప దించి, వేడి 80 డిగ్రీలకు దిగువరకు నాలుగైదు నిమిషములు ఆరనిచ్చి, 200 మిల్లీలీటరుల నీటికి 2 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు ఆకు వేసి మూతపెట్టవలెను. 2 నిమిషములు గడచిన పిదప వడగట్టవలెను. 3 నిమిషములు మించనీయరాదు. పాలు చేర్చకయే త్రాగుట మేలు.

పాయసమునకును ఈ తావి చక్కగా నమరును. తైలము పాలలోని వెన్నయందు కరగుటయే దీనికి కారణము. అర లీటరు పాలతో సేమియా పాయసము వండి, పొయ్యినుండి దించిన పిమ్మట, రెండు చిన్న చెంచాల ఆకును పలుచని గుడ్డలో వదులుగా మూటగట్టి 5 నిమిషములు అందుంచి, పిండకయే తీసివేయవలెను. పిండినచో చేదు దిగును. ఏలకులు వేయకుడు, వాని ఘాటు ఈ మెత్తని తావిని మ్రింగివేయును.

వేడి సంగతి తెలిసికొంటిమి గాని వేళ సంగతి తెలియదయ్యెను. జీర్ణమునకు మంచిదని తలచి, అన్నము తినిన వెంటనే మా పెద్దమ్మాయికి ఈ తేనీరు ఇచ్చుచుంటిమి. దానికి పదునాలుగేండ్లు. కొన్నాళ్లకు ముఖము పాలిపోయి, నాలుగు మెట్లెక్కిన ఆయాసపడజొచ్చెను. వైద్యురాలు రక్తము పరీక్షించి, రక్తహీనత యని ఇనుము మాత్రలు వ్రాసి, "అన్నముమీద ఏమి త్రాగించుచున్నారమ్మా?" అని యడిగెను. చెప్పితిమి. మన కూరాకులలోను, పప్పులలోను గల ఇనుమును, మాత్రలలోని యినుమునుగూడ దేహము గ్రహింపకుండ తేయాకులోని ఒగరు అడ్డుపడునని ఆమె బోధించినది. తేనీటికిని భోజనమునకును, మాత్రకును నడుమ గంటసేపైన ఎడముండవలెననియు, అన్నములో నిమ్మరసము పిండుకొనిన ఇనుము బాగుగా ఒంటబట్టుననియు చెప్పినది.

పిల్ల జబ్బునకు తేనీరొక్కటే కారణమని మేమనము. అయినను మేలని తలచి మాచేతులతోనే కీడు పోసితిమిగదా యని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మాత్రలు వాడి, వేళ మార్చిన కొన్ని నెలలకు పిల్ల తేరుకొన్నది. ఇప్పుడు మా యింట సాయంకాలము నాలుగు గంటలకు పెద్దలమే ఈ తేనీరు సేవింతుము. ఆడువారిలో రక్తహీనత మెండుగా నున్న మన యిండ్లలో, సోదరీమణులారా, ఆకు గుణమును మెచ్చుకొనుటకు ముందు దాని వేడియు, వేళయు తెలిసికొనుడు.