అప్పు సంగతి ఇంట్లో చెప్పండి

అనంతపురం మెట్టలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడదు. శనక్కాయ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిపాలే. 2000లో కాండంకుళ్లు వైరస్ తెగులు సోకి జిల్లాలో పంట భారీగా దెబ్బతింది.

పంట పోవడం ఒక ఎత్తు, ఆ బాధను ఒక్కడే మోయడం ఇంకో ఎత్తు. బోరుకు తెచ్చిన అప్పెంతో, వడ్డీ ఎంతో చాలా ఇళ్లలో ఆడవాళ్లకు తెలియదు. అప్పిచ్చినాయన వాకిట్లో నిలబడినప్పుడే బయటపడుతుంది. ఈలోగా రైతుకు నిద్ర ఉండదు, అన్నం సయించదు. చిన్న మాటకే కసురుకుంటాడు. కొందరు తాగుడుకు దిగుతారు. పిల్లోళ్లు నాయన అలికిడి వింటేనే మూలకు నక్కుతారు.

రైతు సోదరులారా! అప్పులన్నీ ఒక కాగితంపై రాసి భార్యకు చదివి వినిపించండి. బ్యాంకు బాకీ, బయటి బాకీ వేరుగా రాయండి. ఎక్కువ వడ్డీదేదో తేలుతుంది. నీళ్లు పడని బోరు పక్కనే మరో బోరు వేసేముందు ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి.

అక్కలారా! మనిషి ముభావంగా ఉంటే "ఏంటికిట్లుండావు?" అని నిదానంగా అడగండి. "నేనుండి ఏం ఫలం" అంటే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు పెట్టెలో పెట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన పంట మరో కారుకు వస్తుంది. పోయిన మనిషి రాడు.