అవ్వలు, చెక్క బెంచీ

మనసు బాగాలేదని డాక్టరుకు చెప్పడానికి మనలో చాలామంది జంకుతారు. అరుగు మీది అవ్వతో అయితే చెప్పుకుంటారు. జింబాబ్వేలో మంత్రణం, అంటే కౌన్సెలింగ్, ఈ ఆధారంతోనే ఎలా సాగిందో తెలుసుకుందాం.

మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా వద్ద చికిత్స పొందుతున్న ఒక యువతి బస్సు ఛార్జీకి డబ్బులేక ఆసుపత్రికి రాలేకపోయింది. తరువాత ఆత్మహత్య చేసుకుంది. రోగి రాలేనప్పుడు వైద్యమే రోగి దగ్గరకు వెళ్ళాలని ఆయన నిశ్చయించుకున్నారు. 2006లో హరారే నగరంలోని ఎంబారే పేటలో పని మొదలైంది. క్లినిక్‌లో గది లేదు, నర్సులకు తీరిక లేదు. దొరికినవారు 14 మంది అవ్వలు. ఆరుబయట బెంచీ వేశారు.

'డిప్రెషన్' అనే మాట అక్కడివారికి కొత్త. షోనా భాషలో జనం వాడే మాట 'కుఫుంగిసిసా', అంటే అతిగా ఆలోచించడం. దానినే తీసుకున్నారు.

ఒక స్త్రీ అప్పు, భర్త తాగుడు, బిడ్డ జబ్బు అన్నీ చెప్పుకుందనుకోండి. అవ్వ అడ్డురాకుండా వింటుంది. "వీటిలో ముందు దేని సంగతి చూద్దాం?" అని అడుగుతుంది. "ఇలా చెయ్యి" అని మాత్రం అనదు. (పెద్దవాళ్ళకు ఇది అన్నిటికంటే కష్టమైన పని!) వచ్చినామె ఒకటి ఎంచుకుని, చేయగల చిన్న పని తానే చెబుతుంది. మళ్ళీ కలిసినప్పుడు అది ఎంతవరకు వచ్చిందో ఇద్దరూ చూసుకుంటారు.

573 మందిపై జరిపిన పరిశోధన 2016లో వెలువడింది. ఆరు నెలల తరువాత చూస్తే, మామూలు వైద్యం పొందినవారికంటే బెంచీ దగ్గరకు వచ్చినవారిలో కుంగుబాటు లక్షణాలు బాగా తక్కువ. అయితే ఆత్మహత్య ఆలోచనలున్నవారిని అవ్వలు తమ దగ్గరే ఉంచుకోరు. వెంటనే పైవారికి తెలియజేస్తారు.